దేనికీ అంటుకోని మీథేన్

గూడూరుకు ఈశాన్యంగా, కండలేరు సముద్రంలో కలిసే చోట కృష్ణపట్నం రేవు ఉంది. 2008 నుంచి ఆ రేవులో దిగుతున్న సరుకుల్లో పెద్ద వాటా బొగ్గుదే. నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఒక్కొక్కటి 800 మెగావాట్ల మూడు యూనిట్లతో ఉంది. దాని చుట్టుపక్కల ప్రైవేటు కేంద్రాలు వచ్చాయి. గూడూరు వైపు చిల్లకూరు మండలం తమ్మినపట్నంలోనూ వెలిశాయి. ఈ తీరంలో బొగ్గుకు తెలిసిన పని ఒకటే, బాయిలర్లో మండడం. అందుకే ఇక్కడ చదువుకున్నవాళ్ల మధ్య ఒక ప్రశ్న తరచూ వస్తుంది. ఇంత బొగ్గును తగలబెట్టే బదులు గ్యాస్‌గా మార్చి, అందులోంచి మీథేన్‌ను వేరుచేసి, వంటింటికో బస్సుకో ఎరువుల ఫ్యాక్టరీకో పంపలేమా?

ఇది ఊహల్లోంచి పుట్టిన ప్రశ్న కాదు. 2030 నాటికి ఏడాదికి 10 కోట్ల టన్నుల బొగ్గును గ్యాస్‌గా మార్చాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. 2024 జనవరిలో అందుకోసం 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహకాన్ని మంత్రివర్గం ఆమోదించింది. బొగ్గు నుంచి నేరుగా పైపులైను గ్యాస్ చేయడానికి కోల్ ఇండియా, గెయిల్ కలిసి పశ్చిమ బెంగాల్లో ఒక ప్రాజెక్టు తలపెట్టాయి. రేపు రేవు ఉన్న మరో చోటికి అలాంటి ప్రతిపాదన రాదని ఎవరూ చెప్పలేరు.

నాకు అర్థమైనంతలో జవాబు ఇది: మీథేన్‌ను వేరుచేసే పద్ధతులున్నాయి, అవి పనిచేస్తాయి. కానీ వేరుచేయడం సులువా, కష్టమా, దండగా అన్నది వేరుచేసే యంత్రం దగ్గర తేలదు. అంతకు చాలా ముందే, ఏ గ్యాసిఫయర్ (బొగ్గును గ్యాస్‌గా మార్చే యంత్రం) పెట్టామో, దానిలోకి గాలి ఊదామా ఆక్సిజన్ ఊదామా, వచ్చిన గ్యాస్‌తో ఏం చేయదలిచామో, అక్కడే తేలిపోతుంది. ఈ సంగతి తెలుగునేల మీదే రెండు చోట్ల కళ్లకు కట్టింది. ఒకటి రామగుండం, రెండోది హైదరాబాద్.

ముందు అసలు చిక్కు ఎక్కడుందో చూడాలి. బొగ్గును ఆవిరితో, కొద్దిపాటి ఆక్సిజన్‌తో వేడిచేస్తే వచ్చే గ్యాస్‌లో ప్రధానంగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఉంటాయి. వాటితో పాటు మీథేన్ కొంత, బొగ్గులోని గంధకం నుంచి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంత. వీటిలో కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఆమ్ల స్వభావం ఉన్నవి, కాబట్టి క్షారం ఏదైనా వాటిని పట్టేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను రాగి లవణాల ద్రావణం పట్టుకుంటుంది. హైడ్రోజన్ అణువు చాలా చిన్నది, పొరల్లోంచి దూరి బయటికొస్తుంది. మీథేన్‌ను మాత్రం మామూలు పరిస్థితుల్లో ఏ ద్రావణమూ రసాయన బంధంతో పట్టుకోదు. నాలుగు హైడ్రోజన్లు నాలుగు వైపులా సమంగా కూర్చున్న ఆ అణువుకు విద్యుత్ ధ్రువాలు లేవు, ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు.

పాత ప్రయోగశాలల్లో ఆర్శాట్ ఉపకరణంతో గ్యాస్ పరీక్ష చేసినవాళ్లకు ఇది చేతికి తెలిసిన విషయం. ముందు పొటాష్ క్షారంలో కార్బన్ డయాక్సైడ్ పోతుంది, తర్వాత పైరోగలాల్‌లో ఆక్సిజన్, ఆ తర్వాత క్యూప్రస్ క్లోరైడ్‌లో కార్బన్ మోనాక్సైడ్. హైడ్రోజన్‌ను వేడి కాపర్ ఆక్సైడ్ మీద కాల్చేస్తారు. మీథేన్ లెక్క తేలేది అన్నిటికంటే చివర. అదైనా దాన్ని మండించి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచిన తర్వాతే. ఆ చిన్న గాజు గొట్టాల్లో కనిపించే క్రమమే పెద్ద ఫ్యాక్టరీల్లోనూ కనిపిస్తుంది. మీథేన్‌ను ఎవరూ పట్టుకోరు. మిగతావాటిని ఒక్కొక్కటిగా పంపేసి మీథేన్‌ను మిగుల్చుకుంటారు.

రసాయనం లొంగకపోతే భౌతిక గుణాలు మిగులుతాయి. చలి అన్నిటికంటే నమ్మకమైన సాధనం. మీథేన్ సున్నాకు దిగువన 161 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర ద్రవమవుతుంది. కార్బన్ మోనాక్సైడ్ 191 దాకా, నైట్రోజన్ 196 దాకా, హైడ్రోజన్ 253 దాకా దిగాలి. కార్బన్ మోనాక్సైడ్‌కూ మీథేన్‌కూ మధ్య 30 డిగ్రీల ఎడం ఉంది కాబట్టి స్వేదన స్తంభంలో శుభ్రంగా విడిపోతాయి. కానీ ఆ స్తంభం ఉండే చలిపెట్టెలోకి వెళ్లే గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి లేశమాత్రం కూడా ఉండకూడదు. ఉంటే గడ్డకట్టి గొట్టాలు మూసుకుపోతాయి. అంటే మిగతా శుద్ధి అంతా ముందే పూర్తికావాలి. ఆ పైన చలి పుట్టించడానికి కంప్రెసర్లు, వాటికి కరెంటు.

అణువుల పరిమాణం మీద ఆధారపడే పద్ధతుల గురించి పత్రికల్లో ఎక్కువ ఆశలు కనిపిస్తాయి. నాకు అంత ఆశ లేదు, కారణం అంకెల్లోనే ఉంది. హైడ్రోజన్ అణువు వ్యాసం 0.289 నానోమీటర్లు, కార్బన్ డయాక్సైడ్‌ది 0.33. ఇవి రెండూ పొరల్లోంచి త్వరగా దూరిపోతాయి, ఇబ్బంది లేదు. నైట్రోజన్ 0.364, కార్బన్ మోనాక్సైడ్ 0.376, మీథేన్ 0.38. ఈ చివరి మూడింటినీ జల్లెడ పట్టి వేరు చేయాలంటే ఆ జల్లెడ కన్నుల్లో వెయ్యోవంతు నానోమీటర్ల తేడా నిలకడగా ఉండాలి. ప్రయోగశాలలో అది సాధ్యమే. లోహ సేంద్రియ చట్రాలనే కొత్త పదార్థాలకు 2025లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది, అందులో వాయువులను ఏరిపట్టే శక్తికీ భాగముంది. కానీ బొగ్గు గ్యాస్‌తో వచ్చేవి తారు పొగలు, గంధకం, తడి. ఆ సున్నితమైన చట్రాలు వాటి మధ్య సంవత్సరాల తరబడి నిలిచి పనిచేసిన పెద్ద ప్లాంటు ఇంతవరకూ లేదు.

పీడనం పెంచి తగ్గించి పనిచేసే అధిశోషణ పద్ధతి వేరు. అది పరిశ్రమలో దశాబ్దాలుగా కుదురుకుంది. ఉత్తేజిత బొగ్గు మీద ముందు కార్బన్ డయాక్సైడ్ అంటుకుంటుంది, తర్వాత మీథేన్, తర్వాత కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్, చివర హైడ్రోజన్. ఈ వరుసలో చివరిది కావలసినప్పుడు పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది, అందుకే హైడ్రోజన్ తయారీకి అందరూ దీన్నే వాడతారు. మీథేన్ నడుమ ఉంది. వరుసలో నడుమ ఉన్నదాన్ని ఒక్కదాన్నే శుద్ధంగా బయటికి లాగడం కష్టం. బయోగ్యాస్ సంగతి వేరు. అక్కడ మీథేన్‌తో ఉండేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే. నీళ్లతో కడిగినా చాలావరకు వదిలిపోతుంది. పశువుల పేడ గ్యాస్‌ను శుద్ధిచేసినంత సులువుగా బొగ్గు గ్యాస్‌నూ చేయవచ్చన్న మాట ఎక్కడైనా వినిపిస్తే నమ్మవద్దు.

ఇక అసలు మీథేన్ ఎంత ఉంటుందన్న ప్రశ్నకు వద్దాం. ఇక్కడే కథ మొదలవుతుంది.

భారత ఎరువుల సంస్థ రామగుండంలో సింగరేణి బొగ్గుతో యూరియా చేయడానికి పెద్ద ఫ్యాక్టరీ కట్టి, 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఒడిశాలోని తాల్చేరుది దాని కవల. రెండింటికీ రోజుకు 900 టన్నుల అమ్మోనియా, 1,500 టన్నుల యూరియా చేసే సామర్థ్యం. అక్కడ ఎంచుకున్నది కోపర్స్-టోట్జెక్ గ్యాసిఫయర్. బొగ్గును పిండిచేసి ఆక్సిజన్‌తో పాటు చిమ్మితే లోపల మంట 1,500 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో మీథేన్ నిలవదు, విరిగిపోతుంది. బయటికొచ్చే గ్యాస్‌లో సగానికి పైగా కార్బన్ మోనాక్సైడ్, పావుకు పైగా హైడ్రోజన్ ఉంటాయి. మీథేన్ వెయ్యి పాళ్లలో ఒక పాలు ఉంటే గొప్ప.

అది పొరపాటు కాదు, కోరి తెచ్చుకున్న గుణం. అమ్మోనియా చేసేవాడికి మీథేన్ పనికిరాని బరువు. హైడ్రోజన్, నైట్రోజన్ కలిసి అమ్మోనియా అయ్యే చక్రంలో గ్యాస్ తిరిగి తిరిగి అదే దారిలో వస్తుంది. మీథేన్ ఏ చర్యలోనూ పాల్గొనకుండా ప్రతి చుట్టుకూ పేరుకుంటుంది. దాన్ని వదిలించడానికి గ్యాస్‌లో కొంత బయటికి తీసేయాలి, దాంతో పాటు విలువైన హైడ్రోజనూ పోతుంది. అందుకే ఇలాంటి ప్లాంట్లలో చివరి మెట్టు ద్రవ నైట్రోజన్ వాష్. మిగిలిన కార్బన్ మోనాక్సైడ్, మీథేన్, ఆర్గాన్ అన్నీ ఆ చలి నైట్రోజన్‌లో కరిగి దిగిపోతాయి. పైకి వచ్చేది శుద్ధమైన హైడ్రోజన్, దానికి తోడు అమ్మోనియాకు ఎలాగూ కావలసిన నైట్రోజన్. చూడటానికి ఇంత అందమైన మెట్టు రసాయన ఇంజినీరింగ్‌లో అరుదు.

రామగుండం ఎందుకు నిలవలేదో అందరికీ తెలుసు. మన బొగ్గులో బూడిద ఎక్కువ. ఆ బూడిదనంతా 1,500 డిగ్రీల పైన కరిగించడానికే ఆక్సిజన్, బొగ్గు ఖర్చయ్యేవి. కరెంటు కోతలు, యంత్రాల జబ్బులు తోడయ్యాయి. 1999లో ఫ్యాక్టరీ మూతపడింది. అది మళ్లీ తెరుచుకున్నది రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ పేరుతో, 2021లో. ఇప్పుడు అక్కడ ముడిసరుకు బొగ్గు కాదు. కాకినాడ దగ్గరి మల్లవరం వైపు నుంచి పైపులో వచ్చే సహజవాయువు, అంటే మీథేన్. సింగరేణి గనుల ఒడిలో కూర్చుని, మీథేన్ లేని గ్యాస్ కోసం కట్టిన ఫ్యాక్టరీ, ఈనాడు మీథేన్ మీదే బతుకుతోంది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా సామర్థ్యం. సహజవాయువు దొరికినంత కాలం బొగ్గు నుంచి మీథేన్ చేయడం ఎందుకు కష్టమైన బేరమో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

రెండో దారి హైదరాబాద్ తార్నాకలో పరీక్షకు వచ్చింది. ప్రాంతీయ పరిశోధనశాల, ఇప్పటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, 1980ల్లో లుర్గీ తరహా పీడన గ్యాసిఫయర్‌ను రోజుకు 24 టన్నుల స్థాయిలో నడిపి, మన బొగ్గులు అందులో ఎలా ప్రవర్తిస్తాయో చూసింది. ఇందులో బొగ్గు ముక్కలు పైనుంచి దిగుతాయి, ఆక్సిజన్, ఆవిరి కింది నుంచి పైకి పోతాయి. లోపల పీడనం వాతావరణం కంటే ఇరవై ముప్ఫై రెట్లు. బూడిద కరగదు, పొడిగానే రాలుతుంది, కాబట్టి బూడిద ఎక్కువున్న బొగ్గుకు ఇది కొంత దయగల యంత్రం. పీడనం ఎక్కువ, పైభాగంలో వేడి తక్కువ. మీథేన్ పుట్టడానికి కావలసిన పరిస్థితులు సరిగ్గా ఇవే. ఫలితంగా ఆరబెట్టిన గ్యాస్‌లో దాదాపు పదో వంతు మీథేన్ ఉంటుంది. దాదాపు 40 శాతం హైడ్రోజన్, 20 శాతానికి కాస్త పైన కార్బన్ మోనాక్సైడ్, మిగతాది చాలావరకు కార్బన్ డయాక్సైడ్.

పదో వంతే కదా అనిపిస్తుంది. కానీ ఘనమీటరు మీథేన్ మండితే సుమారు 9,500 కిలోక్యాలరీల వేడి వస్తుంది, హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ ఒక్కొక్కటి 3,000 చిల్లర మాత్రమే ఇస్తాయి. లెక్క కడితే ఆ పదో వంతులోనే గ్యాస్ మొత్తం వేడిలో మూడో వంతు దాగి ఉంది. వంటకు, కొలిమికి, కరెంటుకు వాడేవాడికి ఇది వరం, వేరుచేయాల్సిన పనే లేదు. ఒడిశాలోని అంగుల్లో జిందాల్ ఉక్కు కర్మాగారం లుర్గీ గ్యాస్‌ను శుద్ధిచేసి ఇనుప ఖనిజం మీదికి పంపుతుంది, అక్కడా మీథేన్ భారం కాదు. అమ్మోనియాకో మెథనాల్‌కో వాడేవాడికి మాత్రం అదే మీథేన్ శాపం.

మీథేనే సరుకుగా కావలసినవాడు ఏం చేస్తాడు? అమెరికాలో ఉత్తర డకోటా రాష్ట్రం బ్యూలాలో 1984 నుంచి నడుస్తున్న గ్రేట్ ప్లెయిన్స్ ప్లాంటును చూడాలి. పద్నాలుగు లుర్గీ గ్యాసిఫయర్లు, లిగ్నైట్ బొగ్గు. గ్యాస్‌ను ముందు గడ్డకట్టే చలిలో ఉంచిన మెథనాల్‌తో కడుగుతారు. రెక్టిసాల్ అనే ఈ పద్ధతి 1955 నాటికే దక్షిణాఫ్రికాలోని ససోల్‌బర్గ్‌లో పెద్ద స్థాయిలో వాడుకలోకి వచ్చింది. కార్బన్ డయాక్సైడ్, గంధకం అందులో పోతాయి. ఆ తర్వాత మీథేన్‌ను కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ల నుంచి వేరుచేసే ప్రయత్నమే చేయరు. నికెల్ ఉత్ప్రేరకం మీద ఆ రెండింటినీ కూడా మీథేన్‌గా మార్చేస్తారు. ఫ్రెంచి రసాయనవేత్త సబాటియే 1902లో చూపిన చర్య ఇది. పక్కనున్నవాళ్లంతా తనవాళ్లే అయిపోతే ఇక విడదీయడానికి ఏముంది? నా దృష్టిలో ఈ మొత్తం ప్రశ్నకు మనిషి కనిపెట్టిన తెలివైన జవాబు ఇదే.

దీనికి ఎదురు దారిలో ఎక్సాన్ కంపెనీ 1970ల్లో టెక్సాస్‌లో వెళ్లింది. బొగ్గుకు పొటాషియం కార్బొనేట్ పట్టించి, సుమారు 700 డిగ్రీల వద్దే గ్యాస్ చేశారు. చలిపెట్టెలో మీథేన్‌ను వేరుచేసి, మిగిలిన కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్లను తిరిగి గ్యాసిఫయర్లోకే పంపారు. కాగితం మీద వేడి లెక్క ముచ్చటగా సరిపోతుంది. కానీ పొటాషియం బూడిదలోని ఖనిజాలతో కలిసిపోయి కొంత తిరిగి రాదు. బూడిద తక్కువున్న బొగ్గుకే అది భారమైతే, మూడో వంతు బూడిదే ఉండే మన బొగ్గుకు ఎలా ఉంటుందో ఊహించవచ్చు. ఈ పద్ధతి పెద్ద వాణిజ్య ప్లాంటుగా నిలదొక్కుకోలేదు.

గాలి, ఆక్సిజన్ల తేడా కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఇది తరచూ మరుగున పడుతుంది. హైదరాబాద్, తిరుచ్చిలలో బీహెచ్‌ఈఎల్ ఏళ్ల తరబడి శ్రమించి మన బొగ్గుకు తగిన ఫ్లూయిడైజ్డ్ బెడ్ గ్యాసిఫయర్‌ను రూపొందించింది. తిరుచ్చిలో 6.2 మెగావాట్ల విద్యుత్ ప్రదర్శన ప్లాంటునూ నడిపింది. కరెంటు కోసం గాలి ఊదినా పర్వాలేదు. కానీ గాలి ఊదితే గ్యాస్‌లో సగం దాకా నైట్రోజనే ఉంటుంది. మీథేన్ ఒకటి రెండు పాళ్లకు పడిపోతుంది. ఆ నైట్రోజన్ నుంచి మీథేన్‌ను తీయడమంటే పైన చెప్పిన రెండు కష్టాలూ, చలీ జల్లెడా, ఒకేసారి నెత్తిన వేసుకోవడం. నైట్రోజన్‌ను మీథేన్ నుంచి వేరుచేయడం కంటే, గ్యాసిఫయర్‌కు ముందే గాలిలోని ఆక్సిజన్ నుంచి వేరుచేయడం ఎన్నో రెట్లు నయం. మీథేన్‌ను సరుకుగా అమ్మాలనుకున్నప్పుడు ఆక్సిజన్ ప్లాంటు విలాసం కాదు, మొదటి అవసరం. బీహెచ్‌ఈఎల్ హైదరాబాద్‌లో బూడిద ఎక్కువున్న బొగ్గు నుంచి రోజుకు పావు టన్ను మెథనాల్ చేసే చిన్న ప్లాంటును నడిపి 2022 జనవరిలో ప్రారంభోత్సవం చేసింది. పరిమాణం చిన్నదే అయినా, మన బొగ్గుతో, మన యంత్రంతో సరుకుదాకా వెళ్లిన ఆ అడుగును నేను గౌరవిస్తాను.

ఇప్పుడు డబ్బు, కార్బన్. గ్రేట్ ప్లెయిన్స్ మొదలైన మరుసటి ఏడాదే, 1985లో, గ్యాస్ ధర పడిపోయి దాన్ని కట్టిన కంపెనీలు అప్పు కట్టలేక వదిలేశాయి. ప్రభుత్వం చేతికి వచ్చి, 1988లో మరొకరికి అమ్ముడయింది. తర్వాత అది నిలిచింది మీథేన్ ఒక్కదాని మీద కాదు. ఎరువులు, ఫినాల్, ఇంకా కార్బన్ డయాక్సైడ్ అమ్మకం కూడా తోడయ్యాయి. 2000 నుంచి ఆ కార్బన్ డయాక్సైడ్‌ను పైపులో కెనడాలోని వేబర్న్ చమురు బావులకు పంపుతున్నారు. ఆ కొనుగోలుదారు లేని చోట అదంతా ఆకాశానికే. రసాయన సమీకరణాన్ని ఎంత ఆదర్శంగా రాసుకున్నా, బొగ్గును మీథేన్ చేసేటప్పుడు ప్రతి రెండు కార్బన్ పరమాణువుల్లో ఒకటి ఫ్యాక్టరీలోనే కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. రెండోది మన పొయ్యిలో మండి మారుతుంది. బొగ్గులోని శక్తిలో మూడో వంతుకు పైగా దారిలోనే పోతుంది. మన దేశం వాడే సహజవాయువులో దాదాపు సగం దిగుమతి కాబట్టి ఈ నష్టాన్ని భరించైనా చేయాలన్నది ఒక వాదన. అది తీసిపారేయదగ్గది కాదు. కానీ కృష్ణపట్నంలో దిగే దిగుమతి బొగ్గుకు ఆ వాదన వర్తించదు. ఒక దిగుమతిని మరో దిగుమతితో మార్చుకోవడమే అవుతుంది, మధ్యలో మూడో వంతు శక్తి పోగొట్టుకుని. ఈ తీరానికి సంబంధించి నా తీర్పు స్పష్టం. దిగుమతి బొగ్గు నుంచి మీథేన్ తీసే ఫ్యాక్టరీ ఇక్కడ పెట్టకూడదు. చేయాలనుకుంటే ఆ పని గనుల దగ్గర, ఆక్సిజన్‌తో, కార్బన్ డయాక్సైడ్‌కు ఒక గమ్యం చూపించి చేయాలి.

మరో మాట నీళ్ల గురించి. మీథేన్ ఎక్కువిచ్చే లుర్గీ తరహా గ్యాసిఫయర్ తారును, ఫినాల్‌ను, అమ్మోనియాను కూడా ఇస్తుంది. గ్యాస్‌ను చల్లార్చిన నీళ్లలో అవి దిగుతాయి. ఎక్కువ వేడి గ్యాసిఫయర్లో ఈ బెడద దాదాపు ఉండదు, కానీ మీథేనూ ఉండదు. మీథేన్, ఈ బెడద రెండూ ఒకే చోట పుడతాయి. కండలేరు ముఖద్వారం, బకింగ్‌హాం కాలువ, చిల్లకూరు, కోట, ముత్తుకూరు మండలాల రొయ్యల గుంటలు, దక్షిణాన పులికాట్, ఇవన్నీ ఒకదానికొకటి ఉప్పునీటితో కలిసినవి. ఫినాల్ నీళ్లు సరిగా శుద్ధి కాకుండా ఇందులోకి వస్తే నష్టపోయేది ఫ్యాక్టరీ గేటు అవతల ఉన్నవాళ్లే.

2006 నాటి పర్యావరణ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్రతిపాదనలకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి, నివేదిక సారాంశం తెలుగులోనూ ఇవ్వాలి. బొగ్గు గ్యాస్ పేరుతో ఎవరైనా ఈ తీరానికి వస్తే, గూడూరు, నెల్లూరు విలేకరులు, పంచాయతీ పెద్దలు, ఇంజినీరింగ్ కాలేజీల కెమికల్ అధ్యాపకులు ఆ సారాంశంలో కొన్ని వివరాలు వెతకాలని నా విన్నపం. గ్యాసిఫయర్ రకం, ఊదేది గాలా ఆక్సిజనా, బయటికొచ్చే గ్యాస్‌లో మీథేన్ శాతం, టన్ను బొగ్గుకు ఎంత కార్బన్ డయాక్సైడ్, అది పోయే చోటు, ఫినాల్ నీళ్లు ఎన్ని, వాటిని శుద్ధిచేసే విధానం. ఇవి లేని నివేదిక వస్తే, ఇవి చేర్చి మళ్లీ తెమ్మని సభలోనే లిఖితపూర్వకంగా అడగండి.